దీవెనతో అరకు ప్రయాణం

విజయవాడ, వన్ టౌన్
ఏప్రిల్ 27

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరదలు స్టెల్లా వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. అంటే నలభై నాలుగు డిగ్రీల ఎండలో మనుషులు ఎంత క్షేమంగా ఉండగలరో అంత.

కంకిపాడుకి బస్సెక్కితే ముప్పావుగంట. ఈ ఉత్తరానికి మూడు రోజులు పడుతుంది. అయినా రాస్తున్నాను. ఈ రెండు గదుల ఇంట్లోంచి మీకు ఫోన్ చేస్తే, నేను ఒక మాట అనేలోపు అత్తయ్యగారు పక్కగదిలోంచి దానికి రెండు సవరణలు చెబుతారు. మీ పుట్టింటివాళ్ళవి పాముచెవులు. వాయిస్ మెసేజ్ పెడదామంటే మీరు తెలుగు టీచరు, వాక్యం పూర్తి చెయ్యమంటారు. కాగితమే నయం. మీరు తిరిగి రాస్తే అత్తయ్యగారు చదువుతారనే భయం అక్కర్లేదు. కళ్ళజోడు లేకుండా ఆవిడకి అక్షరం కనపడదు, కళ్ళజోడు ఎక్కడ పెట్టారో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

విశేషం ఏమిటంటే, మీ తమ్ముడుగారు కుటుంబాన్ని కొండ మీదకి తీసుకెళ్ళాలని నిర్ణయించారు. మే రెండో వారంలో అరకు, నాలుగు రోజులు. పార్సిల్ ఆఫీసులో కూర్చుని ఊరందరి మూటలూ కాశ్మీరు దాకా పంపించే మనిషి, తను మాత్రం హనుమాన్ జంక్షన్ దాటి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి ఫిలిప్‌గారికి హఠాత్తుగా మంచు చూడాలనిపించిందట.

అత్తయ్యగారు విని, కొండెక్కాలంటే మనకి గుణదల కొండ లేదా, అక్కడైతే మరియతల్లి కూడా ఉంటుంది కదా అన్నారు. అరకులో ఎవరున్నారని అడిగారు. ఎవరూ లేరని చెప్పాం. అయితే మీకు తోడు ఎవరో ఒకరు ఉండాలి కదా అని తనూ బయల్దేరారు. ఇప్పటికి గోంగూర పచ్చడి, కందిపొడి, కరెంటు కుక్కరు, గుణదల తీర్థం సీసా సర్దారు. బట్టలు ఇంకా మొదలుపెట్టలేదు.

దీవెన బాగుంది. రెండేళ్ళ మూడు నెలలు. మాటలు ఇంకా రాలేదు. మీ తమ్ముడికీ మూడో ఏటగానీ రాలేదని అత్తయ్యగారు ధైర్యం చెబుతున్నారు. నాకైతే ఆయనకి ఇప్పటికీ పూర్తిగా వచ్చినట్టు నమ్మకం లేదు. పిల్ల మాత్రం బంగారం. నేను పక్కనే మోటారు మిషను మీద జాకెట్లు కుడుతుంటే హాయిగా నిద్రపోతుంది. కింద గోడౌన్ ముందు లారీలు హారన్లు కొట్టినా కన్ను తెరవదు. ఈ సందులో తల్లులందరికీ నా అదృష్టం చూస్తే కడుపుమంట.

మీ సలహాలు రాయండి. పాటిస్తానని మాత్రం అనుకోకండి.

మీ మరదలు
స్టెల్లా

*

కంకిపాడు
మే 2

ప్రియమైన స్టెల్లాకి,

మీ అన్నయ్య జాన్ పాల్ నీ ఉత్తరం చూసి, ఇరవై కిలోమీటర్లకి స్టాంపు అంటించే వాళ్ళు ఇంకా ఉన్నారా అన్నారు. ఉన్నారు, మా పుట్టింటి కోడలి మర్యాద అది అని చెప్పాను.

అరకు సంగతి సంతోషం. రెండేళ్ళ పిల్లతో విహారయాత్ర అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంట్లో చేసే చాకిరీనే రైలెక్కించి, కొండ మీదకి మోసుకెళ్ళి, నీళ్ళు సరిగా రాని బాత్రూం పక్కన చెయ్యడం. మావాడికి రెండేళ్ళప్పుడు మేం కొడైకెనాల్ వెళ్ళాం. నాలుగు రోజుల్లో నేను చూసినవి ఒక సరస్సు, పదహారు తడి చెడ్డీలు. సరస్సు చూసినట్టు ఫోటోలో ఉంది కాబట్టి నమ్ముతున్నాను.

అమ్మ వస్తోంది కాబట్టి ఆకలికి ఢోకా లేదు. కుక్కరు మాత్రం లాడ్జివాళ్ళకి కనపడనివ్వకు. మందులు నీ సంచీలోనే పెట్టుకో. అమ్మ సంచీలో పెడితే అవి కావలసినప్పుడు ముందు పచ్చడి సీసా, తర్వాత జపమాల, ఆఖరికి మందు వస్తాయి.

ఇంకో మాట. అవి కొండ రోడ్లు, వంపులు తిరిగి ఉంటాయి. దీవెన ముందుకు పరిగెత్తితే వెనకనించి పిలిచి ఆపొచ్చని అనుకోవద్దు. చెయ్యి పట్టుకునే ఉండు. పిలిస్తే తిరిగి చూస్తోందా అది? ఊరికే అడిగాను. పంతులమ్మలకి ఊరికే అడగడం అలవాటు.

ఫిలిప్‌కి స్వెట్టరు పెట్టు. అడిగితే వద్దంటాడు, పెట్టకపోతే దగ్గుతాడు.

నీ వదిన
క్రిస్టినా

*

అరకు
మే 13

వదినగారికి,

మంచు కోసం వచ్చాం. మధ్యాహ్నం ఎండ మన బెజవాడకి చిన్న చెల్లెలిలా ఉంది. తెల్లవారుజామున మాత్రం చలి ఉంటుందట. ఆ సమయంలో లేచి ఉండేది దీవెనా, అది లేచింది కాబట్టి నేనూ. మిగతా ఇద్దరూ రెండేసి దుప్పట్లు కప్పుకుని, చలి ఏదీ అని కలలో వెతుక్కుంటున్నారు.

రైలు ప్రయాణం గురించి రాయాలి. విశాఖలో ఎక్కాం, అద్దాల పెట్టె, పైకప్పు కూడా అద్దమే. డబ్బు పెట్టి ఆకాశం చూడ్డమేమిటని అత్తయ్యగారు తలమీద కొంగు కప్పుకుని కూర్చున్నారు. దారిలో సొరంగాలు యాభై పైచిలుకు. సొరంగం వచ్చిందంటే ఇంజను కూత, ఆ కూతకి పెట్టెలో పిల్లలందరి కేక, పిల్లల కేకకి తల్లుల కేక. పెద్దవాళ్ళు కూడా చెవులు మూసుకున్నారు. మన దీవెన ఒక్కతే మురుకు కొరుక్కుంటూ, చీకటి పడినప్పుడల్లా నా మొహం తడిమి చూసి, వెలుగు రాగానే మళ్ళీ మురుకు అందుకుంది. అత్తయ్యగారు పెట్టెలో అందరికీ వినపడేలా, మా పిల్లకి భయమనేదే తెలియదు, తాత పోలిక అన్నారు. ఎదురు సీటావిడ తన పిల్లవాణ్ణి చూపించి, వీడూ ఉన్నాడు దేనికీ పనికిరాకుండా అంది. నేను నవ్వాను.

లాడ్జివాళ్ళకి కుక్కరు మొదటిరోజే దొరికిపోయింది. అన్నం వాసన వరండా దాకా వెళ్ళింది. కుర్రవాడు తలుపు తడితే అత్తయ్యగారు తలుపు తీసి, లోపలికి పిలిచి, కందిపొడి కలిపి ఒక ముద్ద పెట్టారు. తర్వాతి రెండు పూటలూ అతనే వచ్చి కుక్కరుకి ఏ ప్లగ్గు బాగా పనిచేస్తుందో చూపించాడు. మీ అమ్మగారిని ఢిల్లీ పంపిస్తే దేశం బాగుపడుతుంది.

మీ తమ్ముడుగారు బొంగు చికెన్ తిన్నారు. వెదురు కాల్చి చీల్చేటప్పుడు వీడియో తీశారు, తినేటప్పుడు వీడియో తీశారు, తర్వాత గదిలో కడుపు పట్టుకుని పడుకున్నప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టారు. స్వెట్టరు వద్దన్నారు. దగ్గుతున్నారు.

పద్మాపురం తోటలో బొమ్మ రైలు ఎక్కాం. దీవెన దిగనంది. నాలుగుసార్లు తిప్పాం. కాఫీ తోటల్లో మిరియాల తీగలు పట్టుకుని ఊగింది. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడం లేదు. చెడ్డీల లెక్క మీ కొడైకెనాల్ రికార్డు దాటేసింది.

ఇవాళ గాలికొండ వ్యూ పాయింటు చూశాం. మబ్బు దిగింది. బాగుంది.

పిలిస్తే తిరిగి చూస్తోందా అని అడిగారు. ఈ ఇంట్లో పిలిస్తే తిరిగి చూసేదెవరు? మీ తమ్ముడు చూస్తారా?

ఎల్లుండి బయల్దేరుతున్నాం. ఇంతకు మించి విశేషాలు లేవు.

స్టెల్లా

*

కంకిపాడు
మే 18

స్టెల్లాకి,

అయిదు పేజీలు రాశావు. కుక్కరుకి ఒక పేరా, చికెన్‌కి ఒక పేరా. గాలికొండకి మూడు ముక్కలు. ఇరవై ఏళ్ళుగా పిల్లల కాంపోజిషన్లు దిద్దుతున్నాను. ఎవరైనా ఉన్నట్టుండి చిన్న వాక్యాలు రాస్తే, వాళ్ళు దాచిన సంగతి అక్కడే ఉంటుంది.

ఆ సాయంత్రమే అమ్మ నాకు ఫోన్ చేసింది. నీ మీద చెప్పడానికి కాదు, మొక్కజొన్న పొత్తులు కాల్చే మనిషిని తిట్టడానికి. ఆ తిట్ల మధ్యలో జరిగింది తెలిసింది. మబ్బు కమ్మిందట. ఫిలిప్ పొత్తులు కొంటున్నాడట. నువ్వు సంచీలోంచి దాని టోపీ తీస్తుంటే దీవెన రోడ్డు మధ్యకి వెళ్ళి గులకరాళ్ళు ఏరుకుంటోందట. వెనకనించి జీపు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఫిలిప్ అరిచాడు, నువ్వు అరిచావు, రోడ్డు మీద ఉన్నవాళ్ళందరూ అరిచారు. అది తల ఎత్తలేదు. పొత్తుల మనిషి విసనకర్ర పారేసి ఉరికి, జబ్బ పట్టుకుని లాగింది. అప్పుడు ఆవిడ, "పిల్లకి చెముడా అమ్మా?" అని అడిగింది. అమ్మ ఆవిడతో యుద్ధానికి దిగింది.

ఆవిడ నీ బిడ్డని బతికించింది స్టెల్లా. ఆ తర్వాత నీకు నిజం కూడా చెప్పింది. మేమెవరమూ ఆ రెండూ చెయ్యలేదు.

మేమెవరమూ అంటున్నాను, అందులో నేనూ ఉన్నాను. ఈస్టరుకి మీ ఇంట్లో భోజనాల దగ్గర నా చేతిలోంచి స్టీలు కంచం జారిపడింది, గుర్తుందా? జారలేదు. దీవెన నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. కావాలనే వదిలాను. వంటింట్లోంచి నువ్వు ఉలిక్కిపడి వచ్చావు. పక్కింటి కుక్క మొరిగింది. అది మాత్రం బొమ్మ కాళ్ళు లాగుతూనే ఉంది. మా స్కూల్లో రామతులసి అని ఒక పిల్ల ఉండేది. మొండిది, మాట వినదు అని ఆరేళ్ళు తిట్టాం. వినదు అన్న మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది. నాకు ఆ కంచం చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఎందుకు చెప్పలేదంటావు. దీవెన పుట్టిన ఏడాది, పిల్ల బరువు తక్కువగా ఉంది అన్నాను. ఆ ఒక్క మాటకి ఎనిమిది నెలలు నా గడప తొక్కలేదు నువ్వు. మళ్ళీ అలా అవుతుందేమోనని భయపడ్డాను. రాస్తుంటే తెలుస్తోంది, అది కారణం కాదు, సాకు.

పరీక్ష చేయించు. ఆలస్యమయ్యే కొద్దీ మాటలు దూరమవుతాయి.

క్రిస్టినా

*

విజయవాడ, వన్ టౌన్
మే 22

వదినగారికి,

ఈస్టరు పండుగకి మా ఇంటికి వచ్చి, మా అన్నం తిని, మా కంచంతో నా కూతురికి పరీక్ష పెట్టి, మార్కులు మాత్రం మీ దగ్గరే అట్టిపెట్టుకున్నందుకు కృతజ్ఞతలు. ఆరు వారాలు. మంచి టీచరు పరీక్ష పేపర్లు అంతకాలం ఇంట్లో పెట్టుకోరనుకుంటాను.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపి పోస్టు చేసేద్దామనుకున్నాను. రెండు రోజులు మిషను కింద ఉంచాను. మూడో రోజు మిగతాది రాస్తున్నాను.

మీరు ఒక్కసారి కంచం పడేశారు. నేను జనవరి నించీ రోజూ పడేస్తున్నాను. మా ఇంట్లో సొట్టపడని గిన్నె లేదు. నా చేతికి పట్టు లేదని, పుట్టింట్లో పని నేర్పలేదని అత్తయ్యగారు అమలమ్మ పిన్నికి చెబుతుంటే విన్నాను. అలాగే అనుకోనిచ్చాను. కారణం చెప్పడం కంటే అదే తేలిక.

జనవరిలో టీకాకి తీసుకెళ్ళినప్పుడు పిల్లల డాక్టరమ్మ దీవెన వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. రెండుసార్లు కొట్టి, ఒక చీటీ రాసి చేతిలో పెట్టింది. చెవి పరీక్ష చేయించమని. ఆ చీటీ మిషను సొరుగులో, బాబిన్ల డబ్బా కింద ఉంది. మీ తమ్ముడికి చెప్పలేదు. టీకా వేశారు, జ్వరం రావచ్చు అని మాత్రమే చెప్పాను. పరీక్ష చేయిస్తే అది నిజమైపోతుందని భయం. చీటీ సొరుగులో ఉన్నంతకాలం అది చీటీయే కదా.

నా మొదటి ఉత్తరంలో ఒక అబద్ధం ఉంది. అరకు వెళదామన్నది మీ తమ్ముడు కాదు, నేను. ఆయన వద్దంటే పదిరోజులు పోరాను. మంచు కోసం కాదు. ఈ వన్ టౌన్‌లో చెవులున్నవాళ్ళకే ఏదీ వినపడదు, ఈ గోలకి అలవాటుపడి పిల్ల పట్టించుకోవడం మానేసింది, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. చప్పుడు లేని చోటుకి తీసుకెళ్ళి, వెనకనించి ఒక్కసారి పిలిచి చూడాలనుకున్నాను. అక్కడ తిరిగి చూస్తే చీటీ చించేద్దామనుకున్నాను.

కాఫీ తోటలో పిలిచాను. అక్కడ ఆకు రాలినా వినపడుతుంది. ఏడుసార్లు పిలిచాను. మర్నాడే గాలికొండ. అంటే వదినగారూ, జీపు వచ్చేటప్పటికి నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యి వదిలి టోపీ వెతుక్కుంటున్నాను. మీరు చెయ్యి పట్టుకోమని రాసిన ఉత్తరం అదే సంచీలో ఉంది.

ఆవిడ లాగి పక్కన పడేశాక దీవెన ఏడవలేదు. గుప్పిట తెరిచి నాకు ఒక రాయి చూపించింది, తెల్లది.

పొత్తుల ఆవిడ పేరైనా అడగలేదు. అత్తయ్యగారు తిడుతుంటే ఆపలేదు కూడా. దానికి మీరేమైనా అంటే పడతాను. కంచం సంగతికి మాత్రం మిమ్మల్ని ఇంకా క్షమించలేదు. ఆ పని కాస్త నిదానంగా చేస్తాను.

స్టెల్లా

*

కంకిపాడు
మే 27

స్టెల్లాకి,

నిదానంగానే క్షమించు, తొందరేమీ లేదు. పరీక్షకి మాత్రం తొందర ఉంది.

వచ్చే సోమవారం పొద్దున ఆరున్నర బస్సుకి వస్తున్నాను. నీతో ఆసుపత్రికి రాను. నువ్వూ ఫిలిపే వెళ్ళాలి. అమ్మని నేను గుణదల తీసుకెళతాను, సాయంత్రం దాకా కిందకి దిగనివ్వను.

నేను వచ్చేలోపు ఆ చీటీ సొరుగులోంచి తీసి ఫిలిప్ చేతిలో పెట్టు. నాతో చెప్పించవద్దు. వాడు నీ ఉత్తరాల్లో కనపడేంత అమాయకుడు కాదు. చిన్నప్పుడు మా నాన్న జబ్బు సంగతి ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది వాడే.

నువ్వు పిల్లకి ఏదో చేశావని అనుకుంటున్నావేమో. అయిదు నెలలు ఆలస్యం చేశావు. నేను ఆరు వారాలు చేశాను. ఇక చెయ్యం.

క్రిస్టినా

*

విజయవాడ, వన్ టౌన్
జూలై 4

వదినగారికి,

మీరు సోమవారం వచ్చి అత్తయ్యగారిని కొండెక్కించి వెళ్ళిపోయారు. తర్వాత నెలరోజులు ఫోన్లో "బాగానే ఉంది" తప్ప నేనేమీ చెప్పలేదు. ఎందుకో మీకు తెలుసు, పక్కగది అక్కడే ఉంది. అన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

మీరు రావడానికి రెండు రోజుల ముందు చీటీ మీ తమ్ముడికి ఇచ్చాను. చదివారు. తేదీ చూశారు. జనవరి నించా అని అడిగారు. అవునన్నాను. అరుస్తారనుకున్నాను, అరవలేదు. "నేను దాని నాన్నని కదా స్టెల్లా," అన్నారు. అంతే. ఆ రెండు రోజులూ అన్నం పార్సిల్ ఆఫీసులోనే తిన్నారు. నాకు ఇన్నేళ్ళుగా ఆయన మీద వేసిన జోకులన్నీ వరసగా గుర్తొచ్చాయి. అప్పటినించీ కాస్త తగ్గించాను. మానలేదు.

పరీక్ష సంగతి వినండి. పిల్ల నిద్రపోవాలట, నిద్రలో తలకి వైర్లు అతికించి చూస్తారట. లారీ హారన్లకి కన్ను తెరవని పిల్ల, ఆ చల్లటి గదిలో, తలుపు మూసి, లైటు తగ్గించి, పరుపు మీద పడుకోబెడితే మూడు గంటలు మేలుకుని ఉంది. నిద్రమందు తాగిస్తే నర్సు మీద కక్కింది. ఆఖరికి మీ తమ్ముడు భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగారు. ఎన్నిసార్లు తిరిగారో తెలియదు, మధ్యాహ్నం రెండింటికి పడుకుంది. ఆయన చొక్కా భుజం తడిసి ఉంది. పిల్ల చొంగ అనుకున్నాను. రెండో భుజం కూడా తడిసి ఉంది.

రెండు చెవులూ బాగా తక్కువ. కొంత మిగిలి ఉందట, అది అదృష్టం అన్నారు. రెంటికీ వినికిడి మిషన్లు పెట్టాలి, వారానికి రెండు రోజులు మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఆరు నెలలు చూసి ఆపరేషను అవసరమా కాదా చెబుతారు. మేం ఏ తప్పు చేశామని అడిగాను. చెవి చూసేవాళ్ళకి ఈ ప్రశ్న రోజూ వస్తుందనుకుంటాను, తల ఎత్తకుండానే ఏమీ చెయ్యలేదు అంది పరీక్ష చేసిన అమ్మాయి.

అత్తయ్యగారు విని, మా వంశంలో లేదు అన్నారు. వంశంలో ఉన్నవేమిటో ఆ సాయంత్రం నేను ఒక్కొక్కటే చెప్పాను. దాంతో రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. మూడో రోజు చెవి మిషన్లు పెట్టించి తీసుకొస్తుంటే, కూరల బండి దగ్గర ఎవరో దీవెన చెవుల వంక చూస్తుంటే, నేను పిల్ల జుట్టు ముందుకు లాగబోయాను. అత్తయ్యగారు నా చెయ్యి తీసేశారు. తన కళ్ళజోడు ఊడదీసి వాళ్ళ మొహం ముందు పెట్టి, "ఇది నా కంటికి, అది దాని చెవికి. ఇంకేమైనా అడగాలా?" అన్నారు. ఆవిడే తర్వాత అరగంట నిలబడి అందరికీ వివరంగా చెప్పారు. ఇప్పుడు సందు మొత్తానికి బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుందో తెలుసు.

మొదటి వారం నరకం. పెట్టగానే పీకేసేది. ఒకటి పప్పుచారులో దొరికింది, ఇంకొకటి మీ తమ్ముడి చెప్పులో. గ్యాసు మీద కుక్కరు కూత వేస్తే బల్ల కిందకి దూరి, చెవులు రెండు చేతులతో మూసుకుని ఏడ్చింది. అది చెవులు మూసుకుంటుంటే నేను నిలబడి చూశాను. నేను ఎంత చెడ్డ తల్లినో మీరే చూడండి, పిల్ల భయంతో ఏడుస్తుంటే నాకు సంతోషంగా ఉంది.

ఇంకొకటి కూడా తెలిసింది. పిల్లతో మాట్లాడుతూ ఉండండి, ఏం చేస్తున్నా చెబుతూ ఉండండి అని టీచరమ్మ చెప్పింది. ఇంటికి వచ్చి నోరు తెరిస్తే నాకు మాట రాలేదు. జనవరి నించీ దానితో మాట్లాడటం మానేశానని అప్పుడే తెలిసింది. పెడుతున్నాను, తుడుస్తున్నాను, ముద్దు పెడుతున్నాను, మాట మాత్రం లేదు. వినపడదని తేల్చుకుని నోరు కట్టేసుకున్నాను. మూగదాన్నయింది నేను. ఇప్పుడు రోజంతా వాగుతున్నాను. ఇదిగో దారం, ఇదిగో గుండీ, ఇది ఎర్ర జాకెట్టు, దీనికి చేతులు పొట్టిగా కుట్టమన్న మనిషికి బుద్ధి లేదు. అత్తయ్యగారు కూడా పక్కగదిలోంచి సవరణలు చెబుతున్నారు. మొదటిసారి అవి పనికొస్తున్నాయి.

నిన్న మధ్యాహ్నం జరిగింది చెప్పి ముగిస్తాను. నేను మిషను ఆపి చేతి కుట్టు కుడుతున్నాను. దీవెన కింద కూర్చుని గుడ్డముక్కలు పరుచుకుంటోంది. ఉన్నట్టుండి చేతులు ఆగిపోయాయి. తల పైకెత్తింది. గోడ వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ పైకి చూసింది. ఏమైందో నాకు అర్థం కాలేదు. పెరటి రేకుల మీద చినుకులు పడుతున్నాయి. ఇన్నాళ్ళూ వానంటే దానికి తడవడమే. అది చప్పుడు కూడా చేస్తుందని తెలియదు.

లేచి నా దగ్గరికి వచ్చింది. నా వేలు పట్టుకుని లాగింది. సూది గుచ్చుకుంటుంది ఆగమన్నా ఆగలేదు. తలుపు దాకా లాక్కెళ్ళి, రేకుల వైపు చెయ్యి చూపించి, తన చెవి ముట్టుకుని నా మొహంలోకి చూసింది.

వదినగారూ, నాకు వినపడలేదనుకుంది.

మీ
స్టెల్లా